బెంగళూరులో 226, చెన్నైలో 196: ఒకే కారు, రెండు డైనో షీట్లు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. రెండేళ్ల కిందట కొన్న 2 లీటర్ల టర్బో పెట్రోల్ సెడాన్. బ్రోచర్‌లో 230 పీఎస్ (హార్స్‌పవర్ లాంటిదే, కాస్త చిన్న కొలత) అని ఉంది. మార్చిలో బెంగళూరులో డైనో, అంటే పవర్ కొలిచే రోలర్ మిషన్, ఎక్కిస్తే చక్రాల దగ్గర 226 హెచ్‌పీ వచ్చింది. ఉద్యోగం మారి చెన్నై వెళ్లాక, మే నెలలో అక్కడ ఇంకో డైనో మీద 196 వచ్చింది. రెండు నెలల్లో 30 హార్స్‌పవర్ ఎటు పోయింది, ఇంజన్ దెబ్బతిందా, కంపెనీ చెప్పిన 230 అయినా నిజమేనా అని అడిగారు. పైగా ఇదే ధరలో సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారు చూస్తున్నానని, దాని బ్రోచర్ సంఖ్యని దీనితో ఎలా పోల్చాలో చెప్పమన్నారు.

సూటిగా చెప్తాను: మీ ఇంజన్‌కి ఏమీ కాలేదు. రెండు ఊళ్లలోనూ అది దాదాపు ఒకే పవర్ ఇచ్చింది. మీరు పెట్టిన బెంగళూరు షీట్ ఫోటోని పెద్దది చేసి కింద కుడి మూల చూడండి. చిన్న అక్షరాల్లో ‘ఎస్‌ఏఈ, సీఎఫ్ 1.14’ అని ఉంది. అంటే రోలర్ మీద వచ్చిన సంఖ్యని సాఫ్ట్‌వేర్ 1.14తో గుణించి మీకు ప్రింట్ ఇచ్చింది. 226ని 1.14తో భాగించండి, 198 వస్తుంది. చెన్నై షీట్‌లో అదే చోట ‘అన్‌కరెక్టెడ్’ అని ఉంది, అంటే 196 యథాతథంగా వచ్చిన సంఖ్య. రెండు వేర్వేరు మిషన్లు, రెండు వేర్వేరు వాతావరణాలు, రెండే హార్స్‌పవర్ తేడా. మేమైతే దీన్ని తేడా అనం.

నేను పధ్నాలుగేళ్లుగా బెంగళూరులో డైనో నడుపుతున్నాను. అంతకుముందు ఆరేళ్లు చెన్నై శివార్లలో ఒక ఇంజన్ ఫ్యాక్టరీ టెస్ట్ సెల్‌లో పనిచేశాను. ఈ రెండు ఊళ్ల గాలిలోనూ ఇంజన్లు కొలిచినవాణ్ణి కాబట్టి మీ రెండు షీట్లు చూడగానే సంగతి అర్థమైంది. ఈ గందరగోళంతో నెలకి ఇద్దరు ముగ్గురైనా నా దగ్గరికి వస్తారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ 1.14 ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ గాలి పీడనం మామూలుగా 910 మిల్లీబార్ల చుట్టుపక్కల ఉంటుంది. చెన్నైలో 1,005 నుంచి 1,010 దాకా ఉంటుంది. ఇంజన్ మింగే గాలి బెంగళూరులో దాదాపు పదో వంతు పలచన అన్నమాట. గాలి తగ్గితే దానికి తగ్గట్టే పెట్రోల్ తగ్గుతుంది, పవర్ తగ్గుతుంది. టర్బో, అంటే ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే పంకా, లేని కారు నడిపేవాళ్లు హోసూరు దాటి, కృష్ణగిరి దాటి కిందికి దిగాక బండి ఫ్రీగా పోతోందంటారు. అది వాళ్ల భ్రమ కాదు.

ఎత్తులో ఉన్న ఊళ్లో కొలిచినా, సముద్రం ఒడ్డున కొలిచినా సంఖ్యలు పోల్చుకోవడానికి వీలుండాలని ఒక లెక్క పెట్టారు. అమెరికా ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ వారి జే1349 ప్రమాణం ప్రకారం గాలి 25 డిగ్రీలు, తేమ తీసేశాక పీడనం 990 మిల్లీబార్లు ఉన్నట్టు ఊహించి, కొలిచిన పవర్‌ని ఆ స్థితికి సరిదిద్దాలి. అలా సరిదిద్దే గుణకమే సీఎఫ్, కరెక్షన్ ఫ్యాక్టర్. బెంగళూరులో 28 డిగ్రీల రోజున ఈ సూత్రం వేస్తే 1.14 దగ్గర వస్తుంది. చెన్నైలో 34 డిగ్రీల రోజున 1.03, 1.04 మధ్య వస్తుంది. జర్మనీవారి పాత డిఐఎన్ ప్రమాణంలో 20 డిగ్రీలు, 1,013 మిల్లీబార్లు. అమెరికాలో ఇప్పటికీ కొందరు వాడే ‘ఎస్‌టీడీ’ అనే పాత లెక్క ఇంకా చల్లటి, చిక్కటి గాలిని ఊహిస్తుంది. అందుకే అదే రన్‌ని ఎస్‌టీడీలో ప్రింట్ తీస్తే ఎస్‌ఏఈ కంటే సుమారు 4 శాతం ఎక్కువ కనిపిస్తుంది. కారు మారలేదు, మెనూలో ఒక బటన్ మారిందంతే.

టర్బో లేని ఇంజన్‌కి ఈ గుణకం న్యాయమైనదే. 119 పీఎస్ అని రాసిన ఒక 1.5 లీటర్ల సెడాన్ నా రోలర్ మీద 90 చూపిస్తే యజమాని బెంబేలెత్తిపోతాడు. 1.14తో గుణిస్తే 103 దగ్గర తేలుతుంది, గేర్‌బాక్స్, టైర్ల నష్టం పోగా అది సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది. కాకపోతే ఎస్‌ఏఈ ప్రమాణమే ఆ గుణకం 0.93, 1.07 మధ్య ఉండాలంటుంది. బెంగళూరు ఎప్పుడూ ఆ గీత అవతలే. కనుక ఇక్కడ సరిదిద్దిన సంఖ్యని నేను మంచి అంచనాగానే చూస్తాను, తూకంగా కాదు.

టర్బో కారుకి మాత్రం ఈ గుణకం చాలావరకు వర్తించదు. మీ కేసులో మెలిక ఇదే. ఇప్పటి టర్బో కార్లలో ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టంలోని) పీడనాన్ని సెన్సర్‌తో చూస్తూ ఉంటుంది. బయట గాలి పలచబడితే టర్బోని ఇంకాస్త వేగంగా తిప్పి, లోపలి పీడనాన్ని తనకి కావలసిన చోటికి తెచ్చుకుంటుంది. 900 మీటర్ల నష్టాన్ని అది అప్పటికే చాలావరకు పూడ్చేసింది. పూడ్చిన నష్టాన్ని సాఫ్ట్‌వేర్ మళ్లీ పూడ్చితే, లేని పవర్ కాగితం మీద పుట్టుకొస్తుంది. బెంగళూరులో రీమ్యాప్ చేయని (పవర్ పెంచడానికి ఈసీయూ సాఫ్ట్‌వేర్ మార్చని) కొన్ని టర్బో కార్లకి కంపెనీ ఇంజన్ దగ్గర చెప్పిన సంఖ్యే చక్రాల దగ్గర కూడా రావడానికి తొంభై శాతం కారణం ఇదే.

అలాగని గుణకం లేని సంఖ్య పరమ సత్యం అనను. పలచని గాలిలో టర్బో ఎక్కువ కష్టపడుతుంది, గాలి ఎక్కువ వేడెక్కుతుంది, ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ మీద భారం పడుతుంది. చిన్న టర్బో అయితే పై ఆర్‌పీఎంలో (ఇంజన్ నిమిషానికి ఎక్కువ చుట్లు తిరిగేటప్పుడు) దాని చేత కాదు, అక్కడ పవర్ నిజంగానే పడిపోతుంది. చెన్నైలో అయితే మే నెల వేడికి ఈసీయూ ఇగ్నిషన్ వెనక్కి లాగుతుంది, అంటే స్పార్క్‌ని ఆలస్యం చేసి పవర్ తగ్గిస్తుంది. అందుకే నేను టర్బో బండ్లకి రెండు సంఖ్యలూ ఒకే షీట్ మీద ప్రింట్ చేసి, ఆ రోజు పీడనం, ఉష్ణోగ్రత పెన్నుతో రాసి ఇస్తాను. మీకు 226 ఇచ్చినవాళ్లు మోసం చేశారని నేను అనుకోవడం లేదు. చాలాచోట్ల మిషన్ బిగించిన రోజు ఎస్‌ఏఈ సెట్టింగ్ పెడతారు, తర్వాత ఏ బండి వచ్చినా అదే నడుస్తుంది.

ఇక అసలు హార్స్‌పవర్ అంటే ఏమిటో రెండు మాటలు. ఇది తెలియకపోతే స్పోర్ట్స్ కార్ల పోలిక తెగదు.

మాది మదనపల్లె దగ్గర పల్లెటూరు. మా తాత కపిల తోలేవాడు. జత ఎద్దులు వాలులోకి దిగుతుంటే బావిలోంచి నిండు బాన పైకి వచ్చేది. ఎంత బరువైన బానని ఎద్దులు కదిలించగలవు అన్నది టార్క్ లాంటిది. గంటలో ఎన్ని బానలు పైకొచ్చి ఎంత మడి తడిసింది అన్నది పవర్. బలమైన ఎద్దులు నిదానంగా నడిస్తే, కాస్త తక్కువ బలమున్న ఎద్దులు చిన్న బానతో చకచకా నడిస్తే, సాయంత్రానికి ఏ మడి ఎక్కువ తడుస్తుందో చెప్పాలంటే రెండూ కలిపి లెక్కేయాలి. పద్దెనిమిదో శతాబ్దంలో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాలు అమ్ముకోవడానికి గుర్రాలతో వేసిన లెక్క కూడా ఇలాంటిదే. నిమిషంలో 33,000 పౌండ్ల బరువుని ఒక అడుగు ఎత్తే పని ఒక హార్స్‌పవర్ అన్నాడు. ఇప్పటి లెక్కలో అది 745.7 వాట్లు. మన ఊళ్లలో 5 హెచ్‌పీ బోరు మోటారు ప్లేటు మీద 3.7 కిలోవాట్లు అని ఉండేది అందుకే.

కారుకి సూత్రం సులువు: టార్క్ న్యూటన్ మీటర్లలో, దాన్ని ఆర్‌పీఎంతో గుణించి 7,024తో భాగిస్తే పీఎస్ వస్తుంది. ప్రపంచంలో ఏ డైనో అయినా పవర్‌ని నేరుగా కొలవదు. టార్క్ కొలుస్తుంది, వేగం కొలుస్తుంది, పవర్‌ని లెక్కగడుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. మన రోడ్ల మీద రోజూ కనిపించే టొయోటా ఫార్చ్యూనర్ 2.8 డీజిల్ ఆటోమేటిక్‌కి 500 న్యూటన్ మీటర్ల టార్క్, 204 పీఎస్. ఫెరారీ 458 ఇటాలియాకి 540 న్యూటన్ మీటర్లు, 570 పీఎస్. టార్క్‌లో తేడా 40 మాత్రమే, పవర్‌లో దాదాపు మూడు రెట్లు. ఎలా? ఫార్చ్యూనర్ ఆ 500ని 2,800 ఆర్‌పీఎం దాకా నిలబెడుతుంది. 500ని 2,800తో గుణించి 7,024తో భాగిస్తే 199. ఆ తర్వాత డీజిల్ ఊపిరి అయిపోతుంది. ఫెరారీకి 6,000 దగ్గర 540 ఉంటుంది, అక్కడ పవర్ 461. కానీ అది అక్కడ ఆగదు. 9,000 దాకా తిరుగుతుంది. ఆ 9,000 దగ్గర టార్క్ 445కి దిగిపోయినా, వేగంతో గుణిస్తే 570 వస్తుంది. టార్క్ తగ్గుతూ ఉండగా పవర్ పెరుగుతోంది. స్పోర్ట్స్ కారు ఇంజన్ అంటే ఎక్కువ బలమున్న ఇంజన్ అని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు అది ఎక్కువసేపు ఊపిరి బిగబట్టగల ఇంజన్. 458 మాత్రం టర్బో లేని ఇంజన్ కాబట్టి బెంగళూరులో ఆ 570 లో పదో వంతు దాకా గాలికే పోతుంది.

కంపెనీలు బ్రోచర్‌లో రాసే సంఖ్యని ఎలా కొలుస్తాయన్నది నేను ఆరేళ్లు చేసిన పని. ఇంజన్‌ని కారులో పెట్టరు. టెస్ట్ సెల్‌లో ఇనుప బెడ్ మీద బిగించి, ఫ్లైవీల్‌ని షాఫ్ట్‌తో డైనమోమీటర్‌కి కలుపుతారు. ఏసీ ప్లాంటు నుంచి నిర్ణీత ఉష్ణోగ్రతలో గాలి వస్తుంది, కూలెంట్‌కి వేరే హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉంటుంది. ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, డైనోతో బ్రేకు వేస్తూ ఒక ఆర్‌పీఎం దగ్గర ఇంజన్‌ని కట్టేసినట్టు నిలబెట్టి, రీడింగ్ స్థిరపడ్డాక రాసుకుంటారు. తర్వాత ఇంకో ఆర్‌పీఎం. 1821 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో ద ప్రోనీ అనే ఇంజనీరు తిరిగే షాఫ్ట్‌కి చెక్క బ్రేకు బిగించి, దాని చేతికి బరువులు వేలాడదీసి పవర్ కొలిచాడు. బీహెచ్‌పీ (బ్రేక్ హార్స్‌పవర్)లో ‘బీ’ ఆ బ్రేకుదే.

ఆ చేతికి బరువు వేలాడదీసే పని ఇప్పటికీ పోలేదు. ఆ ఫ్యాక్టరీలో రోజూ పొద్దున మా మొదటి పని అదే. డైనోకి పక్కగా ఒక మీటరు పొడవు ఇనుప చేయి బిగించి, చివర 20 కిలోల ముద్ర వేసిన గుండు వేలాడదీసేవాళ్లం. తెర మీద 196.2 న్యూటన్ మీటర్లు చూపించాల్సి ఉండేది. ఒక రోజు 193 చూపించింది. మా సీనియర్ ఏమీ అనకుండా గుండు దించి, మళ్లీ పెట్టి, మళ్లీ దించాడు. మళ్లీ 193. వెతికితే లోడ్ సెల్ (బలాన్ని కొలిచే సెన్సర్) కేబుల్ ఒకటి బ్రాకెట్ కింద నలిగి ఉంది. ముందు రోజు చేసిన పదకొండు రన్లూ కొట్టేశాం. 1.6 శాతం తప్పుకి ఒక రోజు పని మొత్తం పోయింది. ఒక కారు కంపెనీ 230 అని రాసిందంటే దాని వెనక అంత తంతు ఉంటుంది. ఐరోపా దేశాల్లో పాటించే యూఎన్ ఆర్85 నిబంధన ప్రకారం తయారై బయటికొచ్చే ఇంజన్లు ప్రకటించిన పవర్‌కి 5 శాతం లోపల ఉండాలి. మన దేశంలో ఐఎస్ 14599 ప్రకారం కొలుస్తారు. పుణెలో ఏఆర్ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్, మీ చెన్నై దగ్గరే ఒరగడంలో జీఏఆర్‌సీ లాంటి సంస్థలు కార్లని పరీక్షించి ధ్రువీకరిస్తాయి. కాబట్టి మీ 230ని అనుమానించక్కర్లేదు.

అయితే పాత స్పోర్ట్స్ కార్ల సంఖ్యలు వేరే కథ. అమెరికాలో 1971 దాకా ‘గ్రాస్’ హార్స్‌పవర్ రాసేవాళ్లు. ఇంజన్‌కి ఆల్టర్నేటర్ భారం, ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ లేకుండా, బాగా గాలి పీల్చే ఎగ్జాస్ట్ పెట్టి కొలిచిన సంఖ్య అది. 1972 నుంచి కారులో ఉన్నట్టే అన్నీ బిగించి కొలిచే ‘నెట్’కి మారారు. కార్వెట్ ఎల్‌టీ-1 ఇంజన్ 1971లో 330, 1972లో 255. ఆ ఏడాదిలో ఇంజన్ కుంటుపడిపోలేదు, కొలిచే తీరు మారింది. అదే కార్వెట్‌లో 1967 నుంచి 1969 దాకా వచ్చిన ఎల్88 ఇంజన్‌కి ఎదురు కథ. 430 అని రాశారు, నిజానికి 500 పైనే ఇచ్చేది.

జపాన్ వాళ్లు 1989 నుంచి 2004 దాకా తమలో తాము ఒక ఒప్పందం చేసుకుని 280 పీఎస్ దాటి ఏ కారుకీ రాయలేదు. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ ఆర్34 కాగితం మీద 280, డైనో మీద అంతకు మించి. 2004లో హోండా లెజెండ్ 300 అని రాశాక ఆ హద్దు పోయింది. ఎక్కువ రాసి దొరికిపోయినవాళ్లూ ఉన్నారు. ఫోర్డ్ 1999 మస్టాంగ్ కోబ్రాకి 320 అని రాస్తే, కొన్నవాళ్లు డైనో ఎక్కించి తక్కువ వస్తోందని పట్టుకున్నారు. కంపెనీ ఆ కార్లని వెనక్కి పిలిచి ఎగ్జాస్ట్, ఇన్‌టేక్ భాగాలు మార్చి ఇచ్చింది. మాజ్డా 2001 మియాటాకి 155 అని రాసి, తర్వాత 142కి దిద్ది, కావాలంటే కారు వెనక్కి తీసుకుంటామంది. 2005 నాటికి ఎస్‌ఏఈ తన పరీక్ష నియమాలు బిగించి, బయటి సాక్షి ఎదుట కొలిచి ధ్రువీకరించే పద్ధతి తెచ్చింది. ఆ నియమాల ప్రకారం మళ్లీ కొలిస్తే టొయోటా క్యామ్రీ వీ6 210 నుంచి 190కి దిగింది, కాడిలాక్ సూపర్‌చార్జ్‌డ్ వీ8 440 నుంచి 469కి ఎక్కింది. అందుకే మీరు చూస్తున్న సెకండ్‌హ్యాండ్ కారు ఏ సంవత్సరానిది, ఏ దేశం సంఖ్య అన్నది ముందు చూడండి.

యూనిట్లు కూడా చూసుకోండి. పీఎస్, ఇటలీ, ఫ్రాన్స్ వాళ్ల సీవీ ఒకటే. 75 కిలోలని సెకనులో ఒక మీటరు ఎత్తే పని, 735.5 వాట్లు. హెచ్‌పీ దానికంటే 1.4 శాతం పెద్దది. మెక్‌లారెన్ 720ఎస్ పేరులోని 720 పీఎస్‌లో, బీహెచ్‌పీలో అయితే 710. లంబోర్గిని అవెంటడార్ ఎల్‌పీ 700-4 బీహెచ్‌పీలో 690. మీ 230 పీఎస్ అంటే 227 హెచ్‌పీ. డీలర్లు, యూట్యూబ్ వాళ్లు రెండింటినీ కలిపేస్తుంటారు. అనుమానం వస్తే కిలోవాట్లు చూడండి, అక్కడ గందరగోళం ఉండదు.

227 ఇంజన్ దగ్గర, 198 చక్రాల దగ్గర. తేడా 13 శాతం. ఇది గేర్‌బాక్స్‌లో, షాఫ్టుల్లో, ముఖ్యంగా రోలర్ మీద నలిగే టైర్లలో పోయిన వేడి. ‘15 శాతం కలుపుకో’ అని అందరూ చెప్పే సూత్రం మీద నాకు నమ్మకం లేదు. ముందు చక్రాలు తిరిగే కారుకి, నాలుగు చక్రాలూ తిరిగే కారుకి, టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్‌కి ఒకే శాతం ఎలా అవుతుంది? పైగా ఆ నష్టంలో కొంత స్థిరంగా ఉంటుంది, కొంత పవర్‌తో పెరుగుతుంది. రీమ్యాప్ చేసి చక్రాల దగ్గర 240 తెచ్చి, దానికి మళ్లీ అదే శాతం కలిపి ఇంజన్ దగ్గర ఇంత అని చెప్తే అందులో సగం ఊహే.

రోలర్ డైనోల్లో రెండు జాతులు. ఒకదానిలో బరువైన డ్రమ్ము ఉంటుంది, కారు దాన్ని ఎంత త్వరగా వేగం ఎక్కించిందన్న దాన్నిబట్టి పవర్ లెక్కగడతారు. రెండోదానిలో ఎడ్డీ కరెంట్ బ్రేకు (అయస్కాంత బలంతో పనిచేసే బ్రేకు) ఉంటుంది, అది కారుని పట్టి నిలబెట్టి కొలవగలదు. మామూలుగా మొదటిది కాస్త ఎక్కువ, రెండోది కాస్త తక్కువ చూపిస్తాయి. చక్రాలు విప్పేసి, చక్రం కూర్చునే హబ్‌కే బిగించే రకం కూడా ఉంది, అందులో టైరు గొడవ ఉండదు. అందుకే రెండు వేర్వేరు డైనోల సంఖ్యల్ని పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పకండి. మీ రెండు షీట్లు అంత దగ్గరగా రావడం నాకే కొంచెం ఆశ్చర్యం.

అదే డైనో మీద కూడా సంఖ్య కదులుతుంది. కారుని డైనోకి కట్టే పట్టీలు బిగించి లాగితే టైరు రోలర్‌కి ఎక్కువ నొక్కుకుని రెండు మూడు హార్స్‌పవర్ తింటుంది. టైర్‌లో గాలి తక్కువైనా అంతే. బానెట్ మూసి, చిన్న ఫ్యాన్ పెట్టి వరసగా మూడు రన్లు చేస్తే మూడోది ఎప్పుడూ తక్కువే వస్తుంది, ఎందుకంటే ఇంటర్‌కూలర్ అప్పటికే కాలిపోతుంటుంది. ఆ మధ్య ఒక అబ్బాయి వేరే చోట రీమ్యాప్ చేయించుకుని 31 హార్స్‌పవర్ పెరిగిందన్న షీట్ తెచ్చాడు. రెండు రన్ల టైమ్ చూశాను. రీమ్యాప్‌కి ముందు రన్ మధ్యాహ్నం మూడున్నరకి, తర్వాతి రన్ మర్నాడు పొద్దున ఎనిమిదింటికి. పాత ఫైల్ వెనక్కి వేసి, రెండింటినీ నా దగ్గర ఒకే గంటలో, ఒకే ఇన్‌టేక్ ఉష్ణోగ్రత దగ్గర మొదలుపెట్టి మూడేసి సార్లు చేశాను. పెరిగింది 17. పదిహేడు కూడా మంచి పెరుగుదలే, ఆ అబ్బాయి డబ్బు దండగ కాలేదు. కానీ 31 కాదు.

ఇక మీ అసలు నిర్ణయానికి వద్దాం. స్పోర్ట్స్ కారుతో పోల్చేటప్పుడు గరిష్ఠ హార్స్‌పవర్ ఒక్క చుక్క మాత్రమే. ఆ చుక్క మీద కారు అర సెకను కూడా ఉండదు. గేర్ మార్చిన ప్రతిసారీ ఆర్‌పీఎం కిందికి పడి, మళ్లీ పైకి ఎక్కుతుంది. ఆ పడే చోటు నుంచి రెడ్‌లైన్ (ఇంజన్ తిరగగల గరిష్ఠ ఆర్‌పీఎం) దాకా పవర్ గీత ఎంత ఎత్తులో ఉందో చూడండి. 250 చూపించినా గీత చివర్లో మాత్రమే సూదిలా లేచే కారు కంటే, 230 దగ్గరే బల్లలా నిలబడే కారు రోడ్డు మీద ముందుంటుంది. తర్వాత బరువు. టన్నుకి ఎంత పవర్ అన్న లెక్క చేయండి. 1,450 కిలోల కారుకి 227, 1,250 కిలోల కారుకి 200 ఉంటే, రెండోదే టన్నుకి ఎక్కువ ఇస్తోంది.

డైనో మీద నమ్మకం కుదరకపోతే ఇంకో సాక్షి ఉంది. పావు మైలు, అంటే 402 మీటర్ల చివర కారు ఎంత వేగంలో ఉందో చూడండి. పట్టిన సమయం కాదు, చివరి వేగం. సమయం టైర్ల పట్టు మీద, నడిపేవాడి చేతి మీద ఆధారపడుతుంది, చివరి వేగం ఎక్కువగా పవర్, బరువు మీదే ఆధారపడుతుంది. ఇంజన్ హార్స్‌పవర్‌ని మనిషితో సహా బరువుతో, కిలోల్లో, భాగించి, దాని ఘనమూలాన్ని 289తో గుణిస్తే గంటకి కిలోమీటర్లలో ఆ వేగం సుమారుగా వస్తుంది. మీ కారుకి 227ని 1,530తో భాగించి లెక్కేస్తే 153 వస్తుంది. ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో డ్రాగ్ మీట్ (తిన్నటి దారిలో వేగం పోటీ) పెట్టినప్పుడు అక్కడికి వెళ్లి చూసుకోండి. దయచేసి చెన్నై ఈసీఆర్ రోడ్డు మీద కాదు, ఇక్కడ బెంగళూరు నైస్ రోడ్డు మీద అసలే కాదు. ఆ పని చేసి పోయిన కుర్రాడొకడు నాకు బాగా తెలుసు.

సెకండ్‌హ్యాండ్ కారు తేల్చుకునే ముందు అమ్మేవాళ్లని ఒప్పించి, మీ కారూ ఆ కారూ ఒకే రోజు ఒకే డైనో మీద పెట్టించండి. రెండింటికీ టైర్ గాలి సరిచూసి, టాంకులో ఒకే రకం పెట్రోల్, వీలైతే 95 ఆక్టేన్, పోయించండి. గేర్‌బాక్స్ నిష్పత్తి ఒకటికి దగ్గరగా ఉన్న గేర్‌లో, మూడేసి రన్లు. మొదట్లోనే ‘అన్‌కరెక్టెడ్ ప్రింట్ కూడా కావాలి’ అని అడగండి. ఆ కారు టర్బో లేనిదైతే బెంగళూరులో దానికి గుణకం వేయాలి, మీదానికి వేయకూడదు. చెన్నైలోనే చేయిస్తే ఆ గొడవ చాలావరకు తప్పుతుంది, కాకపోతే పొద్దున్నే వెళ్లండి, పదకొండు దాటితే వేడి ఇద్దరినీ సమానంగా దెబ్బతీయదు.

ఇంకొకటి. చెన్నై షీట్‌లో 5,200 ఆర్‌పీఎం దాటాక మీ గీత కొద్దిగా రంపపు పళ్లలా ఉంది. ఫోటో మసకగా ఉండి కచ్చితంగా చెప్పలేకపోతున్నాను. ఇగ్నిషన్ వెనక్కి లాగడం కావచ్చు, స్పార్క్ ప్లగ్గుల గ్యాప్ కావచ్చు, టైరు జారడం కావచ్చు. పవర్ తగ్గలేదు కాబట్టి టెన్షన్ పడాల్సింది కాదు. బూస్ట్ (టర్బో ఇచ్చే పీడనం) గీత, గాలి పెట్రోల్ నిష్పత్తి గీత ఉన్న రెండో పేజీ మీకు ఇచ్చి ఉంటే, దాన్ని ఎండలో కాకుండా నీడలో పెట్టి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.